సీలు విప్పని వృద్ధి

తళుకు టెక్నాలజీస్ అనే కంపెనీలో నేను మార్కెట్ వృద్ధి వ్యాఖ్యాతగా పనిచేస్తున్నాను. ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని అందులో చేరేదాకా నాకూ తెలియదు. అంతకుముందు ఒక దినపత్రికలో కొత్త సరుకుల మీద శీర్షిక రాసేవాణ్ణి. మార్కెట్లోకి వచ్చిన ఫోన్లు, చేతి గడియారాలు, మాట్లాడే మిక్సీలు వగైరాల గుణగణాలు పాఠకులకు వివరించేవాణ్ణి. వాటిలో ఒక్కటి కూడా నేను వాడి చూడలేదు. వాడి చూసినవాడు అంత ఉత్సాహంగా రాయలేడు. ఆ ఉత్సాహం చూసే మా ఎం.డి. సుధీర్ నన్ను పిలిచి మరీ ఉద్యోగమిచ్చాడు.

విజయవాడ ఆటోనగర్లో లారీలకు బాడీలు కట్టే షెడ్ల మధ్య మా అద్దాల భవనం ఉంటుంది. ప్రతి శుక్రవారం 'వృద్ధిపై వ్యాఖ్య' అని ఒక పేజీ రాసి బొంబాయిలోని పెట్టుబడిదారులకు పంపడం నా పని. అమ్మకాలు పెరిగితే వృద్ధి పరుగెడుతోందని రాస్తాను. తగ్గితే వృద్ధి వేళ్ళూనుకుంటోందని రాస్తాను. ఏమీ జరగకపోతే వృద్ధి ఆలోచనలో ఉందని రాస్తాను. విషయం లేక నా కలం ఆగిపోయిన శుక్రవారం ఇంతవరకూ లేదు. సిగ్గు ఉండి ఉంటే మొదటి వారమే ఆగిపోయేది.

మా సరుకుల్లో ముఖ్యమైనది 'శ్రావ్య'. చెవులు మందగించినవాళ్ళు పెట్టుకుంటే ఎదుటివాళ్ళ మాట స్పష్టంగా వినిపించే రెండు చిన్న గుళికలు. వాటికి నున్నటి తెల్ల డబ్బా, డబ్బా మూతకు వెండి రంగు సీలు. మాఘమాసం ముహూర్తాలలో విడుదల చేస్తే తయారుచేసిన సరుకంతా అమ్ముడుపోయింది. అంతకంటే వింత ఏమిటంటే, బందరు రోడ్డులో మేము పెట్టిన సర్వీసు సెంటరుకు ఒక్కడు కూడా ఫిర్యాదుతో రాలేదు. అక్కడి ఉద్యోగులు ఫ్యాను కింద కూర్చుని పదకేళి పూరిస్తున్నారు. తన సరుకు సంగతి బాగా తెలిసిన సుధీర్‌కు ఇది నమ్మశక్యం కాలేదు. కారణం కనుక్కోమని నన్ను పురమాయించాడు.

నేను పెద్దగా తిరగలేదు. నాలుగిళ్ళలో బీరువాల మీద చూస్తే తెలిసిపోయింది. డబ్బా అందంగా ఉంది, చేతిలో బరువుగా ఉంది, ధర పైకి కనపడదు. పెళ్ళికో గృహప్రవేశానికో తీసుకెళ్ళడానికి ఇంతకంటే ఏం కావాలి? పుచ్చుకున్నవాళ్ళు దాన్ని తెరవకుండా బీరువా మీద పెట్టి, తమకు పిలుపు వచ్చినప్పుడు పై కాగితం మార్చి పట్టుకెళ్తున్నారు. ఒకప్పుడు లెమన్ సెట్లూ గోడ గడియారాలూ చేసిన ఉద్యోగాన్ని ఇప్పుడు మా శ్రావ్య చేస్తోంది.

ఈ సంగతి మీటింగులో సరదాగా చెప్పాను.

"మన శ్రావ్యను ఎవరూ తెరవట్లేదండీ. ఒక పెళ్ళిలో వచ్చింది ఇంకో గృహప్రవేశానికి వెళ్తోంది. తెరిస్తే కదా ఫిర్యాదు చేసేది" అన్నాను.

అందరూ నవ్వుతారనుకున్నాను. సుధీర్ నవ్వలేదు. కుర్చీలోంచి లేచి బోర్డు దగ్గరకు వెళ్ళాడు.

"రత్నంగారూ, మళ్ళీ చెప్పండి. ఒకే యూనిట్ ఎంతమంది చేతులు మారుతోంది?"

"ముహూర్తాలు బాగా ఉంటే పదిమంది దాకా మారుతుందండీ."

"అంటే తయారీ ఒక్కసారి, కస్టమర్లు పదిమంది. మరి తెరిచినవాడు ఏం చేస్తున్నాడు? మిగతా తొమ్మిదిమందిని మనకు కాకుండా చేస్తున్నాడు." బోర్డు మీద ఒక డబ్బా బొమ్మ వేసి దాని చుట్టూ బాణాలు గీశాడు. "మనం ఇంతకాలం గాడ్జెట్ అమ్ముతున్నాం అనుకున్నాం. కాదు. మనది సర్క్యులేషన్ ఎకోసిస్టమ్."

ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. మూసుకోకపోగా, "తెరవని పెట్టెకు తరుగు లేదు" అని ఒక ముక్క కూడా అందించాను. మర్నాటికి అది లిఫ్టులో, క్యాంటీన్లో, మరుగుదొడ్డి అద్దం మీద అంటించారు.

ఆ వారంలోనే సీళ్ళ కాపలాకు అఖండతా విభాగం అని ఒకటి ఏర్పడింది. దానికి అధిపతిగా ధర్మారావుగారిని తెచ్చారు. ఆయన ఏదో ప్రభుత్వ శాఖలో ఉద్యోగకాలమంతా తాళాలకూ గదులకూ సీళ్ళు వేసి రిటైరైన మనిషి. సీలు చెక్కుచెదరకుండా ఉన్న వస్తువును చూస్తే ఆయన కళ్ళు చెమ్మగిల్లుతాయి. వచ్చీ రాగానే ఒక ఉత్తర్వు జారీ చేశారు. "శ్రావ్య పరికరమును కొనుగోలు చేసిన లేదా కానుకగా స్వీకరించిన ఏ వ్యక్తి అయిననూ సీలును విప్పిన యెడల, అట్టి క్షణము నుండి వారంటీ రద్దు అగును" అని అందులో ఉంది. కొనేవాళ్ళు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. విప్పే ఉద్దేశం ఎవరికుంది కనుక?

తరువాత కల్యాణమండపాల గుమ్మాల దగ్గర మా బల్లలు వెలిశాయి. అతిథి పట్టుకొచ్చిన శ్రావ్య డబ్బాకు పాత కాగితం మీదే కొత్త రంగు కాగితం ఉచితంగా చుట్టి, స్టిక్కరు స్కాన్ చేసి లోపలికి పంపేవాళ్ళు. ఒక్కో స్కానుకు ఒక్కో కొత్త కస్టమరు. పెళ్ళివారికి కానుక, మాకు వృద్ధి. డబ్బాలు వాటంతట అవే తిరుగుతున్నప్పుడు కొత్తవి చేయడం దేనికని ఫ్యాక్టరీ ఆపేశారు. ఖాళీగా ఉన్న ఇంజనీర్లకు రిబ్బనుతో పువ్వులు కట్టడంలో శిక్షణ ఇచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి కట్టే గులాబీ పువ్వుకు ఉత్తమ ఆవిష్కరణ బహుమతి కూడా వచ్చింది.

ఆషాఢం రాగానే ముహూర్తాలు లేక వృద్ధి చతికిలబడింది. సుధీర్ కంగారుపడి ఒక సిద్ధాంతిగారిని నెలజీతం మీద పెట్టుకున్నాడు. ఆషాఢాన్ని కాస్త కుదించే వీలుందా అని అడిగితే, ఆయన పంచాంగం మూసి, అది తన చేతుల్లో ఉండదన్నాడు. శుక్రమూఢం వచ్చిన నెలలో నేను రాసిన వ్యాఖ్య బొంబాయి వాళ్ళకు బాగా నచ్చింది. "శుక్రుడు కనపడనందువల్ల ఈ త్రైమాసికంలో వృద్ధి కూడా కనపడలేదు. రెండూ ఆకాశంలోనే ఉన్నాయి" అని రాశాను. దాన్ని ఎవరో ఇంగ్లీషులోకి మార్చి పంపితే, మాకు మరింత పెట్టుబడి వచ్చింది.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి.

నా భార్య హైమవతి సత్యనారాయణపురంలో మా వాటాలోనే పిల్లలకు సంగీతం చెబుతుంది. పెళ్ళైనప్పటి నుంచీ సాయంత్రాలు మా ముందుగదిలో తంబురా మోగుతూనే ఉంది. రెండేళ్ళుగా ఆమెకు వినికిడి తగ్గుతోంది. మొదట వీధి తలుపు చప్పుడు పోయింది, తరువాత కుక్కరు కూత. చెవుల డాక్టరు పరీక్ష చేసి, యంత్రం పెట్టుకుంటే పాఠాలకు ఢోకా లేదనీ, పెట్టుకోకపోతే కష్టమనీ చెప్పాడు. సిబ్బంది ఇళ్ళలో వేరే కంపెనీ సరుకు ఉండరాదని మాకు రూలు. ఉన్నట్టు తెలిస్తే ఉద్యోగం పోతుంది.

"బయటిది ఎందుకండీ? మీ కంపెనీదే ఉందిగా" అంది హైమ.

ధర్మారావుగారిని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశారు.

"సిబ్బంది శ్రావ్యను కొనవచ్చును, బహూకరించవచ్చును, ప్రదర్శనార్థం ఉంచుకొనవచ్చును. వినియోగమునకు మాత్రము నిబంధనలు అంగీకరించవు."

"మా ఆవిడకు వినపడదండీ."

"వినపడని వారు వినియోగించుట ప్రారంభించినచో, రత్నంగారూ, ఇక దానికి అంతెక్కడ?"

ఆ మాట హైమకు చెప్పాను. ఆమెకు చెప్పాలంటే గట్టిగా అరవాలి కాబట్టి మా కంపెనీ రహస్యాలన్నీ మా వాటాల్లో అందరికీ తెలుసు.

"ఇంజనీర్లు పువ్వులు కడుతున్నారు, చెవులకు చేసింది పెళ్ళిళ్ళకు వెళ్తోంది. మరి మీరేం చేస్తున్నారు?" అంది.

"దాని మీద వ్యాఖ్యానం రాస్తున్నాను" అన్నాను. వినపడలేదేమో, ఏమీ అనలేదు. వినపడలేదనే అనుకున్నాను.

మార్గశిరం ఆఖరి రోజున నాకు సన్మానం జరిగింది. ఏడాదిలో ఉత్తమ వ్యాఖ్య రాసినందుకు శాలువా కప్పి, సుధీర్ తన చేత్తో ఒక శ్రావ్య డబ్బా ఇచ్చాడు. వచ్చే ముహూర్తానికల్లా దాన్ని ఎవరికైనా ఇచ్చి ముందుకు నడపాలని ధర్మారావుగారు చెవిలో చెప్పారు. ఇంటికి తెచ్చేసరికి పుష్యమాసం. ముహూర్తాలు లేవు. కాబట్టి మాఘం దాకా డబ్బా మా ఇంట్లోనే ఉండాలి. బీరువా మీద పెట్టాను. హైమ కిందనుంచి దాన్ని చాలాసేపు చూసింది.

"ఇందులో ఉన్నది చెవిలో పెట్టుకునేదేగా?"

"ఔను."

"నా చెవులు ఇక్కడే ఉన్నాయిగా?"

"మాఘంలో పటమటలో మా ఆఫీసు ఆయన గృహప్రవేశం ఉంది హైమా. దానికి ఇవ్వాలి."

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను శాలువా మడత పెట్టుకున్నాను.

త్యాగరాజ ఆరాధనకు హైమ శిష్యులు ఏటా పాడతారు. ఆ వారం సాధన జోరుగా జరుగుతోంది. నేను పేపరు చదువుతూ కూర్చున్నాను. నాకు సంగీతం అసలు రాదు. ఆ నాకే ఒక పిల్ల పాడుతుంటే ఎక్కడో తేడాగా తోచింది. తంబురా ఒక దారిన పోతుంటే గొంతు ఇంకో దారిన పోతోంది. హైమ కళ్ళు మూసుకుని తాళం వేస్తోంది. పాట అయ్యాక "బాగుందమ్మా" అంది. ఆ పిల్ల ఆమె వంక చూసి, నా వంక చూసి, తల దించుకుంది. గుమ్మంలో నిలబడ్డ వాళ్ళమ్మ కూడా విన్నది. మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు. తరువాత ఇంకో ఇద్దరు మానేశారు.

హైమ నన్ను అడిగింది. "నిజం చెప్పండి. ఆ పిల్ల శ్రుతి తప్పిందా?"

నాకు చాలా బాధ వేసింది. ముప్పై ఏళ్ళుగా ఆ ముందుగదిలో ఒక్క స్వరం పక్కకు జరిగినా పట్టుకున్న మనిషి, సంగీతం రాని నన్ను అడుగుతోంది. తప్పిందని తలూపాను.

"అయితే ఆరాధన అవగానే పాఠాలు ఆపేస్తాను. తప్పుని బాగుందని చెప్పే పని నేను చెయ్యలేను" అంది.

ఆ పని చేసే నేను జీతం తెస్తున్నాను. ఆ సంగతి ఆమె అనలేదు. బాధ వేసింది కానీ డబ్బా జోలికి మాత్రం పోలేదు. నా బాధలన్నీ నిబంధనలకు లోబడే ఉంటాయి.

రెండు రోజుల తరువాత ఆఫీసు నుంచి వస్తుంటే మెట్ల దగ్గరే హైమ గొంతు వినిపించింది. "ఆగు. పైషడ్జం అందలేదు. మళ్ళీ అందుకో." లోపలికి వెళ్ళాను. ముందుగదిలో మిగిలిన పిల్లలు కూర్చుని ఉన్నారు. హైమ రెండు చెవుల్లో తెల్ల గుళికలున్నాయి. పక్కన కూరలు తరిగే చాకు, దాని చుట్టూ రంగు కాగితాల కుప్ప. ఒక కాగితం కింద ఒకటి ఎన్ని చుట్టారో లెక్కలేదు. ఒకదాని మీద నూతన దంపతులకు పామర్రు వారి ఆశీస్సులున్నాయి. ఇంకోదాని మీద ఓణీల ఫంక్షను శుభాకాంక్షలు. మరోదాని మీద ఎవరి షష్టిపూర్తికో నమస్కారాలు. ఆ డబ్బా ఎన్ని పెళ్ళిభోజనాలు చూసొచ్చిందో గాని, అందులో చార్జింగు బొత్తిగా లేదట. హైమే పొద్దుటి నుంచీ చార్జింగు పెట్టిందట.

హైమ నన్ను చూసి, "మీ చెప్పులు కిర్రుమంటున్నాయి. ఎప్పటి నుంచి?" అంది.

నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను. సంతోషం వేసింది. వెంటనే ధర్మారావుగారు గుర్తొచ్చి భయం వేసింది. నాలో ఈ రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయి.

సీలు విప్పగానే డబ్బాలోని ఏదో చిప్పు అఖండతా విభాగానికి కబురు పంపుతుందట. గుళికలు పనిచేసినా చెయ్యకపోయినా ఆ చిప్పు మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. మర్నాడు ఉదయం ధర్మారావుగారు మా ఇంటికి వచ్చారు. చేతిలో ఒక గుడ్డసంచి, లక్క, కొవ్వొత్తి ఉన్నాయి. రంగు కాగితాల కుప్ప చూసి కుర్చీలో కూలబడ్డారు. మంచినీళ్ళిస్తే తాగారు.

"రత్నంగారూ, ఇది సీలు భంగము. ఆ భంగమునకు మూలమైన వస్తువును సాక్ష్యముగా స్వాధీనపరచుకొని, విచారణ ముగియువరకు సీలు వేసి భద్రపరచవలసి యున్నది. అమ్మగారూ, చెవులలోనివి దయచేసి ఇప్పించండి."

హైమ నా వంక చూసింది. ఆరాధన ఇంకా నాలుగు రోజులుంది. ఆ గుళికలు సంచిలోకి వెళ్తే పాఠాలు అంతటితో సరి. ఇవ్వకపోతే నా ఉద్యోగం సరి. వయసు యాభై ఆరు, చేతిలో ఉన్న విద్య లేని వృద్ధిని వర్ణించడం. ఇంకెవరు పిలిచి ఉద్యోగమిస్తారు?

"ఇవ్వం" అన్నాను.

నా జీవితంలో ఒక అధికారికి ఎదురు చెప్పడం అదే మొదలు. అలవాటు లేక చాలా చిన్నగా వచ్చింది. ధర్మారావుగారికి వినిపించలేదు. హైమకు వినిపించింది.

"ఇవ్వం అంటున్నారండీ ఆయన" అని పెద్దగా చెప్పింది.

ధర్మారావుగారు లక్క, కొవ్వొత్తి సంచిలో పెట్టుకుని లేచారు. పన్నెండు గంటలకు నన్ను విచారణకు హాజరుకమ్మన్నారు.

విచారణకు వెళ్ళేసరికి మీటింగు హాల్లో తెర మీద బొంబాయి పెట్టుబడిదారులున్నారు. వాళ్ళు చెప్పాపెట్టకుండా వీడియో కాల్ చేశారట, నన్ను వెనక కుర్చీలో కూర్చోమన్నారు. సుధీర్ గ్రాఫులు చూపిస్తున్నాడు. లక్షల చేతులు, మండపాలు, మాఘానికి అంచనాలు. అంతా విన్నాక తెర మీది ఒకావిడ ఒకే ప్రశ్న వేసింది.

"వీటిని వాడుతున్నవాళ్ళు ఎంతమంది?"

వాడటం అనే కోణం నుంచి మా కంపెనీలో ఎవరూ ఆలోచించి ఉండలేదు. సుధీర్ సేల్స్ వంక చూశాడు, సేల్స్ వాళ్ళు పువ్వులు కట్టే ఇంజనీర్ల వంక చూశారు. అప్పుడు ధర్మారావుగారు లేచి నిలబడ్డారు.

"మా రికార్డుల ప్రకారము ఒక్క వ్యక్తి వినియోగించుచున్నట్లు రుజువైనది. సదరు వ్యక్తి భర్తపై ఇప్పుడే చర్య తీసుకొనబోవుచున్నాము" అన్నారు.

సుధీర్ ముఖం వెలిగిపోయింది. "పోయిన త్రైమాసికంలో ఎంతమంది?"

"శూన్యము."

"సున్నా నుంచి ఒకటి." సుధీర్ ఫోను తీసి లెక్క కట్టాడు. అది ఎర్రర్ అని చూపించింది. తెరకేసి ఫోను తిప్పాడు. "చూశారా మేడమ్, ఈ గ్రోత్‌ని మెషీన్ కూడా కొలవలేకపోతోంది."

తెర మీది ఆవిడ పక్కవాళ్ళతో మాట్లాడి, ఇది చాలా ఆశాజనకంగా ఉందంది. నా మీద చర్యను అక్కడికక్కడే ప్రమోషనుగా మార్చారు. ధర్మారావుగారు అదే కాగితం మీద 'శిక్ష' అన్న మాట కొట్టేసి 'ప్రశంస' అని రాసి సంతకం పెట్టారు. మిగతా వాక్యాలేవీ మార్చవలసిన అవసరం రాలేదు.

మర్నాడే సుధీర్, ధర్మారావుగారు పూలగుచ్ఛంతో, ఫొటోగ్రాఫరుతో మా ఇంటికి వచ్చారు. తళుకు టెక్నాలజీస్ వినియోగదారుల సమూహం మొత్తాన్ని సన్మానించడానికి వచ్చామన్నారు. సమూహం వంటింట్లో ఉంది, చేతులు తుడుచుకుని వచ్చింది. శాలువా కప్పారు. సుధీర్ ప్రసంగం మొదలుపెట్టాడు. ఎకోసిస్టమ్ అన్నాడు, యూజర్ జర్నీ అన్నాడు, ఒకరి నుంచి కోటిమందికి స్కేల్ చేయడం అన్నాడు. తరువాత ధర్మారావుగారు అందుకుని, నియంత్రిత పద్ధతిలో, ముందస్తు అనుమతితో, తగు సాక్షుల సమక్షమున సీలు విప్పు విధివిధానముల గురించి చెప్పారు. హైమ శ్రద్ధగా వింది. ఏడాదిగా నేను చెప్పే ఆఫీసు సంగతులకు అలవాటుగా తలూపుతూ వచ్చిన మనిషి, మా కంపెనీ భాషను ఇంత స్పష్టంగా వినడం అదే మొదటిసారి.

"అమ్మా, మా తొలి యూజర్‌గా మీ ఫీడ్‌బ్యాక్ చెప్పండి" అన్నాడు సుధీర్. ఫొటోగ్రాఫరు వీడియో పెట్టాడు.

"వస్తువు బాగుంది బాబూ. పిల్లల గొంతులు చక్కగా వినపడుతున్నాయి" అంది హైమ. కాస్త ఆగి, "మీరు మాట్లాడేది కూడా వినపడుతోంది. అదొక్కటీ చూడండి" అంది.

ధర్మారావుగారు దాన్ని కంపెనీకి వచ్చిన మొట్టమొదటి ఫిర్యాదుగా నమోదు చేశారు. సర్వీసు సెంటరులో ఆ రోజు పండగలా ఉందట.

ఆరాధనలో పిల్లలు బాగా పాడారు. మానేసిన ముగ్గురూ మళ్ళీ వస్తున్నారు. శుక్రవారం నాడు నేను ప్రమోషను వచ్చాక మొదటి వ్యాఖ్య రాశాను. 'అనంత వృద్ధి: ఒక వినియోగదారుని అడుగుజాడలు' అని పేరు పెట్టాను. ఇంతకాలం ఇంట్లో వినేవాళ్ళు లేక నా రాతలు ఎవరికీ చదివి వినిపించలేదు. ఇప్పుడు ఆ లోటు తీరింది కదా అని, హైమను ఎదురుగా కూర్చోబెట్టి, కాగితం సరిచేసుకుని, గొంతు సవరించుకుని మొదటి పేరా చదివాను.

హైమ ఆగమన్నట్టు చెయ్యెత్తింది. రెండు గుళికలూ చెవుల్లోంచి తీసి, డబ్బాలో పెట్టి, మూత నొక్కింది.

"ఊఁ, ఇప్పుడు చదవండి" అంది.